పొరుగింటి వృద్ధుల సేవ: ఉపకారమా? బాధ్యతా?

ఒక మనిషికి మనం చేసే సాయం ఎప్పుడు ఉపకారం అవుతుంది? ఎప్పుడు బాకీ తీర్చటం అవుతుంది? పైకి ఇది చిన్న ప్రశ్నలాగే కనిపిస్తుంది. కాని దీనికి మనం ఇచ్చుకునే సమాధానాన్ని బట్టి మన నడతంతా మారిపోతుంది. ఉపకారం చేశానని తలచేవాడు కృతజ్ఞత కోసం ఎదురుచూస్తాడు. తీరిక లేని రోజున మానేస్తాడు. నలుగురిలో చెప్పుకుంటాడు. బాకీ తీర్చేవాడు అలా చేయడు. తీసుకున్న అప్పు తిరిగి ఇచ్చి, ఎంత ఇచ్చానో చూడండని ఊరంతా చాటుకునేవాణ్ణి ఎవరైనా మెచ్చుకుంటారా?

నేడు మన కాలేజీ విద్యార్థులు కొందరు తాము ఉంటున్న వీధిలోని వృద్ధులకు సాయపడటానికి ముందుకు వస్తున్నారు. మందులు తెచ్చిపెట్టడం, ఆసుపత్రికి తోడు వెళ్ళడం, కరెంటు బిల్లు కట్టిపెట్టడం వంటి పనులు చేస్తున్నారు. ఇది ఎంతో సంతోషించదగ్గ విషయం. అయితే ఈ పనిని వారు ఏ దృష్టితో చేస్తున్నారు? ఇస్లాం దీన్ని ఏ దృష్టితో చూడమంటోంది? హైదరాబాదులోని అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాలను ఉదాహరణగా తీసుకుని ఈ విషయాన్ని పరిశీలిద్దాం. ఎందుకంటే ఇంటికి దూరమైన యువకులు, బిడ్డలకు దూరమైన వృద్ధులు ఇంత దగ్గరగా నివసించే చోటు మన నగరంలో మరొకటి అరుదు.

ఒకే వీధిలో రెండు తరాలు

అమీర్‌పేటలోని మైత్రీవనం పరిసరాలు తెలియని తెలుగు విద్యార్థి ఉండడేమో! కంప్యూటర్ కోర్సుల కోసం, ఉద్యోగాల కోసం ఆదిలాబాద్ నుండి అనంతపురం దాకా, శ్రీకాకుళం నుండి మహబూబ్‌నగర్ దాకా అన్ని జిల్లాల పిల్లలూ ఇక్కడికి చేరారు. ఒక్కో గదిలో నలుగురైదుగురు సర్దుకుంటారు. మూడు నెలలో, ఆరు నెలలో ఉంటారు. కోర్సు ముగిసి ఉద్యోగం దొరికితే వెళ్ళిపోతారు. ఆ మంచంలోకి మరొకరు వస్తారు.

ఆ హాస్టళ్ల వెనుక సందుల్లో, పాత అపార్ట్‌మెంట్లలో మరో తరం ఉంది. ఉద్యోగ విరమణ చేసిన దంపతులు, భర్తను పోగొట్టుకున్న స్త్రీలు, ఒంటరి పెద్దలు. వారి పిల్లల్లో కొందరు అమెరికాలో, కొందరు గల్ఫ్ దేశాల్లో, కొందరు బెంగుళూరులో. 2017 నవంబరులో మెట్రో రైలు వచ్చాక అమీర్‌పేట నుండి నగరంలో ఏ మూలకైనా పోవడం సులువయింది. కాని మోకాళ్ళ నొప్పులతో బాధపడే ముసలామెకు తన ఇంటి మెట్లు దిగటమే పెద్ద ప్రయాణం. పంజాగుట్టలో నిమ్స్ వంటి పెద్ద ఆసుపత్రి కూతవేటు దూరంలోనే ఉంది. కాని ఓపీ చీటీ కోసం ఎవరు నిలబడతారు? పరీక్షల గదికి, డాక్టరు గదికి మధ్య చేయి పట్టుకుని ఎవరు నడిపిస్తారు?

2011 జనాభా లెక్కల ప్రకారమే మన దేశంలో అరవై ఏళ్ళు పైబడినవారు 10 కోట్ల 38 లక్షల మంది. ఇది ఒక్క వీధి సమస్య కాదని ఈ అంకె చెబుతోంది.

విచిత్రం ఏమిటంటే, ఈ రెండు తరాల బాధా ఒకటే. ఒకరు తల్లిదండ్రులకు దూరమయ్యారు. మరొకరు బిడ్డలకు దూరమయ్యారు. ఇద్దరి మధ్యా ఉన్నది ఒక్క గోడ. అయినా ఒకరి పేరు మరొకరికి తెలియదు.

ఈ పరాయితనం ఎంత ప్రమాదకరమో 2020 మార్చిలో మనం కళ్ళారా చూశాం. దేశమంతటా లాక్‌డౌన్ మొదలైన రోజున హాస్టళ్ళు ఖాళీ చేయమన్నారని వేలాది యువతీ యువకులు సామాన్లు భుజాన వేసుకుని రోడ్డున పడ్డారు. సొంత ఊళ్ళకు వెళ్ళటానికి అనుమతి పత్రాల కోసం ఎస్.ఆర్.నగర్, పంజాగుట్ట పోలీసు స్టేషన్ల ముందు బారులు తీరారు. హాస్టళ్ళు మూయరాదని ప్రభుత్వం ఆదేశించేదాకా వారి ఆందోళన తగ్గలేదు. అదే సమయంలో ఆ వీధుల్లోని వృద్ధులు తలుపులు వేసుకుని, పాలకూ మందులకూ ఎవరిని అడగాలో తెలియక కూర్చున్నారు. పొరుగు అనేది లేకుండా పోతే యువకుడూ నిస్సహాయుడే, వృద్ధుడూ నిస్సహాయుడే.

మూడు నెలలు ఉండేవాడు పొరుగువాడేనా?

'మేము ఇక్కడివాళ్ళం కాము. నాలుగు రోజులు ఉండి పోయేవాళ్ళం. మాకు ఈ వీధితో ఏం సంబంధం?' అని కొందరు యువకులు అనుకోవచ్చు. దివ్య ఖుర్ఆన్ ఈ సాకుకు తావివ్వలేదు. అన్ నిసా సూరా 36వ ఆయతులో అల్లాహ్ తన ఆరాధనను గురించి, తల్లిదండ్రుల పట్ల సద్వర్తనను గురించి ఆదేశించిన వెంటనే పొరుగువారి ప్రస్తావన తెచ్చాడు. అక్కడ మూడు రకాల పొరుగువారు కనిపిస్తారు. ఒకరు బంధువైన పొరుగువారు. మరొకరు పరాయివారైన పొరుగువారు. ఇంకొకరు పక్కన ఉండే సహచరులు. ఈ మూడో కోవలోకి తాత్కాలికంగా మన పక్కకు వచ్చినవారు కూడా వస్తారని ఖుర్ఆన్ వ్యాఖ్యాతలు వివరించారు. ప్రయాణంలో పక్కన కూర్చున్నవాడు, బజారులో వెంట నడిచేవాడు సైతం ఇందులో చేరతారు. కొద్దిసేపు పక్కన కూర్చున్నవానికే హక్కు ఉన్నప్పుడు, మూడు నెలలు ఒకే వీధిలో ఉన్నవారికి హక్కు లేకుండా ఎలా పోతుంది?

ఈ సందర్భంలో హజ్రత్ మూసా (అలై) జీవితంలోని ఒక ఘట్టాన్ని గుర్తు చేసుకోవాలి. అల్ ఖసస్ సూరాలో అల్లాహ్ దాన్ని మనకు వినిపించాడు. ఆయన అప్పుడు యువకుడు. ప్రాణభయంతో ఈజిప్టు వదిలి మద్‌యన్ చేరుకున్నారు. ఆ ఊరు ఆయనది కాదు. ఉండటానికి చోటు లేదు. చేతిలో పని లేదు. నీళ్ళ రేవు దగ్గర పశువుల కాపర్ల గుంపు ఉంది. ఇద్దరు స్త్రీలు తమ పశువులను ఆపుకుంటూ దూరంగా నిలబడి ఉన్నారు. సంగతేమిటని ఆయన అడిగారు. కాపర్లు వెళ్ళేదాకా తాము నీళ్ళు పెట్టలేమనీ, తమ తండ్రి బాగా ముసలివారనీ వారు చెప్పారు. మూసా (అలై) మరో మాట అడగలేదు. వారి పశువులకు నీళ్ళు పెట్టి, నీడలోకి వెళ్ళి, తన అవసరాన్ని తన ప్రభువుకు విన్నవించుకున్నారు.

గమనించండి! ఆయనకే సాయం కావలసిన స్థితి అది. ఆ ఊరికి ఆయన వచ్చి ఒక్క పూట కూడా కాలేదు. అయినా ఒక వృద్ధుని ఇంటి భారం కళ్ళబడగానే భుజానికెత్తుకున్నారు. పని చేసినందుకు ఆ స్త్రీల నుండి ఏమీ అడగలేదు. అడగవలసింది అల్లాహ్‌నే అడిగారు. ఆ తరువాత ఆ వృద్ధుడే పిలిపించి ఆశ్రయం ఇవ్వటం, కుటుంబం ఏర్పడటం అల్లాహ్ ప్రసాదించిన వరాలు. అమీర్‌పేట హాస్టల్ గదిలో ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న మన యువకునికి ఇంతకన్నా దగ్గరి ఆదర్శం ఎక్కడ దొరుకుతుంది?

పొరుగువాని మతం అడగాలా?

పొరుగువారి గురించి హజ్రత్ జిబ్రయీల్ (అలై) ఎంతగా తాకీదు చేస్తూ వచ్చారంటే, చివరికి పొరుగువారికి ఆస్తిలో వాటా కూడా నిర్ణయిస్తారేమోనని దైవప్రవక్త (స)కు అనిపించింది. ఈ హదీసును ఉల్లేఖించినవారిలో హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఒకరు. వారి ఇంట్లో ఒకసారి మేకను కోశారు. మన యూదు పొరుగింటికి పంపారా లేదా అని ఆయన ఇంటివారిని పదేపదే అడిగారు. ఆ వెంటనే ఈ హదీసు వినిపించారు. అంటే, పొరుగువాని హక్కు అతని మతాన్ని బట్టి తగ్గదని ఆయన ఈ హదీసు నుండి గ్రహించారన్నమాట.

హజ్రత్ ఉమర్ (రజి) తన పాలనా కాలంలో ఒక యూదు వృద్ధుడు బిచ్చమెత్తుకోవటం చూశారు. కారణం అడిగితే ముసలితనం, పేదరికం, చెల్లించవలసిన పన్ను అని తెలిసింది. ఆయన ఆ వృద్ధుణ్ణి తన ఇంటికి తీసుకువెళ్ళి ఉన్నది ఇచ్చారు. అంతటితో ఊరుకోలేదు. అతనికీ, అలాంటి వారికీ పన్ను మినహాయించి, బైతుల్‌మాల్ నుండి భృతి ఏర్పాటు చేయించారు. వయసులో ఉన్నప్పుడు అతని నుండి తీసుకుని, ముసలితనంలో వదిలేయటం న్యాయం కాదన్నది ఆయన భావన. ఆ వృద్ధునికి అందింది ఒక పూట దానం కాదు, హక్కు. ఉపకారానికీ బాధ్యతకూ ఉన్న తేడా ఇదే.

అమీర్‌పేటలోని మన పొరుగు తాతగారు హిందువు కావచ్చు, క్రైస్తవుడు కావచ్చు. ఆయన గుమ్మం ముందు మనం నిలబడేది హక్కు చెల్లించటానికి. ఈ సేవను ఎరగా చేసి, ఆయన నిస్సహాయతను ఆసరాగా తీసుకుని మాటలు మొదలుపెట్టడం కూడా తగదు. అద్ దహ్ర్ సూరాలో ప్రశంసలు పొందిన సజ్జనులు అన్నం పెట్టి ప్రతిఫలాన్నిగానీ, కృతజ్ఞతనుగానీ కోరనివారు. మన నడత చూసి ఎవరైనా మన ధర్మాన్ని గౌరవిస్తే అది అల్లాహ్ అనుగ్రహం.

సర్టిఫికెట్టు కోసం చేసే సేవ

ఇక అసలు చిక్కు ప్రశ్నకు వద్దాం. కాలేజీల్లో ఎన్.ఎస్.ఎస్. ఉంది. గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో ఇది మొదలైంది. ఇందులో చేరిన విద్యార్థి ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్ళలో 240 గంటలు సేవ చేస్తే సర్టిఫికెట్టు వస్తుంది. సర్టిఫికెట్టు కోసం చేసే సేవ అల్లాహ్ వద్ద చెల్లుతుందా? వృద్ధులతో ఫోటో దిగి సెల్‌ఫోన్లో అందరికీ పంపుకుంటే పుణ్యం మిగులుతుందా?

కర్మలు సంకల్పాలపైనే ఆధారపడి ఉన్నాయని మనందరికీ తెలుసు. ప్రళయదినాన అందరికంటే ముందు విచారణకు వచ్చేవారిలో వీరమరణం పొందినవాడు, పండితుడు, దాత ఉంటారనీ, పేరు కోసమే చేసినందుకు వారి కర్మలన్నీ వృధా అవుతాయనీ దైవప్రవక్త (స) హెచ్చరించారు. కనుక ఇది తేలికగా తీసుకునే విషయం కాదు.

అయితే కొందరు దీన్ని మరోవైపుకు లాగుతారు. 'సంకల్పం శుద్ధంగా లేనప్పుడు ఎందుకు చేయటం, మానేస్తే పోలేదా?' అంటారు. ఇది షైతాను పన్నే రెండో వల. జనం చూస్తారన్న భయంతో మంచిపనిని మానుకోవటం కూడా జనం కోసం చేసిన పనేనని మన పూర్వ ధర్మవేత్తలు హెచ్చరించారు. విద్యార్థి మానేస్తే ఆ ముసలామెకు మందులు అందవు. సంకల్పాన్ని సరిచేసుకోవాలేగాని పనిని వదలకూడదు.

మరి సంకల్పం సరిగా ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి? అది గుండె లోతుల్లో ఉంటుంది, నిజమే. కాని అది బయటపడే చోటు ఒకటి ఉంది. 240 గంటలు పూర్తయ్యాయి. సర్టిఫికెట్టు చేతికి వచ్చింది. మరుసటి వారం ఆ విద్యార్థి ఆ తలుపు తడతాడా, లేదా? 241వ గంటే అసలు పరీక్ష. సర్టిఫికెట్టుతో మొదలైన సేవ అక్కడితో ఆగకపోతే, అల్లాహ్ ఆ సంకల్పాన్ని మార్చి శుద్ధి చేశాడని ఆశించవచ్చు. అక్కడితో ఆగిపోతే, నష్టం ఆ విద్యార్థికే కాదు. వారం వారం ఎదురుచూడటం అలవాటైన ఆ వృద్ధునికి కూడా. ఎవరూ రాని ఇంటి కంటే వచ్చి మానేసిన ఇల్లు ఎక్కువ బోసిగా ఉంటుంది.

హజ్రత్ అబూబకర్ (రజి) తన పేటలోని ఇళ్ళ మేకలకు పాలు పిండిపెట్టేవారు. ఆయన ఖలీఫా అయినప్పుడు, ఇక మన మేకల పాలు పిండేవారు ఉండరని ఒక బాలిక అంది. ఆ మాట విన్న అబూబకర్ (రజి), పదవి తన అలవాటును మార్చబోదని చెప్పి యథాప్రకారం పాలు పిండారు. హోదా వచ్చినా ఆగని సేవ అది. మరి పరీక్షలు వచ్చాయనీ, ఉద్యోగం వచ్చిందనీ మన సేవ ఎందుకు ఆగాలి?

మరో సంఘటన కూడా చరిత్ర గ్రంథాల్లో ఉంది. మదీనా పొలిమేరల్లో చూపులేని ఒక వృద్ధురాలు ఉండేది. రాత్రిపూట వెళ్ళి ఆమెకు నీళ్ళు తోడిపెట్టి, ఇంటి పని చేసిరావాలని హజ్రత్ ఉమర్ (రజి) అనుకునేవారు. కాని ఆయన వెళ్ళేసరికే ఎవరో వచ్చి పని పూర్తిచేసి పోయేవారు. ఎవరా అని ఒక రాత్రి కాపుకాస్తే, ఆ వ్యక్తి ఖలీఫా అబూబకరే (రజి) అని తేలింది! ఒకే వీధి పెద్దల సేవకు ఇద్దరు మహనీయులు పోటీపడ్డారు, అదీ ఎవరికీ తెలియకుండా. ఫోటో మాట అటుంచండి, పక్కవానికి కూడా తెలియనివ్వలేదు.

అల్ మాఊన్ సూరాలో అల్లాహ్ రెండు లోపాలను ఒక్కచోట పేర్కొన్నాడు. ఒకటి ప్రదర్శనాబుద్ధి. రెండోది చిన్నచిన్న అవసరాల సాయాన్ని నిరాకరించటం. పేరు వచ్చే పెద్దపనికి పరుగెత్తేవాడు, పేరు రాని చిన్నపనికి కదలడు. బల్బు మార్చటం, గ్యాసు సిలిండరు లోపల పెట్టడం, ఉత్తరం చదివి వినిపించటం. వీటికి సర్టిఫికెట్టు లేదు. అల్లాహ్ వద్ద మాత్రం లెక్క ఉంది.

'వారి పిల్లలు లేరా?'

ఈ మాట తరచూ వినిపిస్తుంది. కన్నబిడ్డలు పట్టించుకోనిది మనకెందుకు? మనం చేస్తే వారి నిర్లక్ష్యానికి ఊతమిచ్చినట్లు కాదా? అని.

తల్లిదండ్రుల బాధ్యత బిడ్డలదే. ఇందులో సందేహం లేదు. బనీ ఇస్రాయీల్ సూరా 23, 24 ఆయతుల్లో, వృద్ధాప్యానికి చేరిన తల్లిదండ్రుల ముందు విసుగుమాట కూడా అనరాదనీ, వినయంతో మెలగాలనీ అల్లాహ్ ఆదేశించాడు. మన దేశంలో తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పోషించని పిల్లలపై పెద్దలు ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చు. చట్టం కొడుకు నుండి డబ్బు ఇప్పించగలదు. కాని సాయంత్రం పూట తలుపు తట్టి, 'అమ్మా, ఏమైనా తేవాలా?' అని అడిగే మనిషిని ఏ చట్టమూ పంపలేదు.

బిడ్డల బాకీ వేరు, పొరుగువారి బాకీ వేరు. ఒకరు ఎగ్గొట్టినంత మాత్రాన మరొకరి బాకీ మాఫీ కాదు. పైగా దూరాన ఉన్న బిడ్డలందరూ నిర్లక్ష్యం చేసేవారే అనుకోవటం అన్యాయం. దుబాయిలోనో, డల్లాస్‌లోనో ఉన్న కొడుకు రాత్రంతా నిద్రపట్టక తల్లి గురించి బెంగపడుతూ ఉండవచ్చు.

అయితే ఒక్క విషయం యువకులు మరువరాదు. పొరుగు తాతగారికి మందులు తెచ్చి, ఊళ్ళో ఉన్న అబ్బాకు వారం రోజులుగా ఫోను చేయకపోతే ఆ సేవ కుంటిది. అన్ నిసా ఆయతులో తల్లిదండ్రుల మాట ముందు వచ్చి, పొరుగువారి మాట తరువాత వచ్చింది. ముందు అమ్మీ, అబ్బాల క్షేమం అడగండి. తరువాత పొరుగు తలుపు తట్టండి.

సేవకు కొన్ని మర్యాదలు

హక్కు చెల్లించే పనికి కొన్ని మర్యాదలు కూడా ఉంటాయి.

మొదటిది, నిలకడ. కొద్దిగానైనా నిరంతరం చేసే పని అల్లాహ్‌కు అత్యంత ప్రియమైనదని దైవప్రవక్త (స) తెలిపారు. వారానికి ఒక్క రోజు, ఒక్క గంట చాలు. చెప్పిన రోజున, చెప్పిన వేళకు వెళ్ళాలి. కోర్సు ముగిసి వెళ్ళిపోయేటప్పుడు చెప్పకుండా మాయం కారాదు. గదిలోకి కొత్తగా వచ్చిన మిత్రుణ్ణి వెంటబెట్టుకెళ్ళి పరిచయం చేసి మరీ వెళ్ళాలి.

రెండోది, అమానతు. నేడు పెద్దలకు ఎక్కువగా కావలసింది సెల్‌ఫోను సాయం. ప్రభుత్వ పింఛనుదార్లు ఏటా నవంబరులో తాము బతికే ఉన్నామని జీవన ప్రమాణ పత్రం ఇవ్వాలి. 2014 నుండి దీన్ని కంప్యూటరు ద్వారా, 2021 నుండి ఫోనులో ముఖం గుర్తింపు ద్వారా కూడా ఇవ్వవచ్చు. మనకు అయిదు నిమిషాల పని. వారికి బ్యాంకు దాకా ఆటో ఖర్చు, గంటల నిరీక్షణ తప్పుతాయి. కాని ఆ ఫోను మన చేతికి ఇచ్చారంటే వారి జీవితకాల పొదుపు మన చేతికి ఇచ్చినట్లే. పిన్ నంబరు అడగరాదు, వారు చెప్పబోయినా చెప్పనివ్వరాదు. ఓ.టి.పి. ఎవరికీ చెప్పవద్దని వారికి నేర్పాలి. మోసం జరిగితే వెంటనే 1930కి ఫోను చేయాలనీ, వృద్ధుల సమస్యలకు 14567 ఉందనీ పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించాలి.

మూడోది, వారి గౌరవం. మనకు తోచిన సాయం కాదు, వారికి కావలసిన సాయం చేయాలి. అడగకుండా వస్తువులు సర్దటం, మందలించటం, అనుమతి లేకుండా ఫోటోలు తీయటం తగదు. చేసిన సాయాన్ని ఎత్తిపొడిచి, మనసు గాయపరచి దానధర్మాలను వృధా చేసుకోవద్దని అల్ బఖరా సూరా 264వ ఆయతు హెచ్చరిస్తోంది. చాలాసార్లు వారికి కావలసింది పని కూడా కాదు. పదిసార్లు చెప్పిన కథనే పదకొండోసారి ఓపికగా వినే చెవి కావాలి.

నాలుగోది, హద్దులు. ఒంటరి వృద్ధుల ఇళ్ళకు ఇద్దరేసి వెళ్ళటం మంచిది. స్త్రీల ఇళ్ళకు మన ఆడపిల్లలు వెళ్ళాలి. వెళ్ళే ముందు ఇరువైపులా ఇంటి పెద్దలకు తెలియజేయాలి. దీనివల్ల అపోహలకు తావుండదు, పెద్దలకూ ధైర్యంగా ఉంటుంది.

తల్లిదండ్రులకు ఒక మాట

ఈ పని కేవలం విద్యార్థులది కాదు. ఇంట్లో బిర్యానీ వండిన రోజున పక్కింటి ముసలామెకు గిన్నెడు పంపిన తల్లిని చూసిన బిడ్డకు ఎన్.ఎస్.ఎస్. వారు ప్రత్యేకంగా నేర్పవలసింది తక్కువే. పక్కింటివారు మాంసం తినరని తెలిసి పండ్లు పంపిన తల్లి ఇంకా పెద్ద పాఠం నేర్పింది. మస్జిదు కమిటీలు కూడా తమ పరిధిలోని ఒంటరి వృద్ధుల వివరాలు, ఏ మతస్థులైనా సరే, తెలుసుకుని, జుమా తరువాత ఇద్దరిద్దరు యువకులకు ఒక్కో ఇంటిని అప్పగించవచ్చు. దీనికి భవనం అక్కర్లేదు, చందా అక్కర్లేదు.

నేడు మనం ఎక్కుతున్న మెట్ల మీద మన పొరుగు తాతగారు ఒకప్పుడు మనకంటే వేగంగా ఎక్కారు. మన పిల్లలూ రేపు ఎక్కడో దూరాన ఉంటారు. ఆనాడు మన తలుపు తట్టే యువకుడు ఎవరో మనకు తెలియదు. నేడు మనం తట్టవలసిన తలుపు మాత్రం ఎదురుగానే ఉంది.

అల్లాహ్ మనందరికీ పొరుగువారి హక్కును గుర్తించే బుద్ధినీ, దాన్ని నిరాడంబరంగా, నిలకడగా చెల్లించే శక్తినీ ప్రసాదించుగాక! మన యువత సంకల్పాలను శుద్ధి చేయుగాక! ఆమీన్.